ఊదిన గాలి పేగుల గురించి ఎంతవరకు చెబుతుంది?

మనిషి శరీరంలోని ఏ కణమూ హైడ్రోజన్ వాయువును తయారు చేయదు. కాలేయానికి గానీ, కండరాలకు గానీ, మెదడుకు గానీ ఆ పని చేతకాదు. అయినా ఎవరైనా ఊదిన గాలిని సున్నితమైన పరికరంతో కొలిస్తే, అందులో కొద్దిపాటి హైడ్రోజన్ కనిపిస్తూనే ఉంటుంది. అది దాదాపు అంతా పేగుల్లో కాపురముండే సూక్ష్మజీవులు పిండిపదార్థాలను, చక్కెరలను పులియబెట్టినప్పుడు పుట్టిందే. అక్కడ పుట్టిన వాయువులో కొంత కింది నుంచి పోతుంది, కొంతను ఇతర సూక్ష్మజీవులు వాడేసుకుంటాయి, మిగిలిన దానిలో కొంత పేగు గోడ దాటి రక్తంలో కలిసి, ఊపిరితిత్తులకు చేరి, శ్వాసతో బయటపడుతుంది. పొట్టను తెరవకుండా, గొట్టాలు దించకుండా, సూది గుచ్చకుండా లోపల ఏం పులుస్తోందో తెలుసుకోవడానికి ఇంతకంటే సులభమైన దారి లేదు. చిక్కంతా ఆ గాలి మోసుకొచ్చే సమాచారాన్ని చదవడంలోనే ఉంది. ఎందుకంటే వాయువు పుట్టిందని చెప్పగలిగిన పరికరం అది ఎక్కడ పుట్టిందో చెప్పలేదు, పుట్టడం మంచిదో చెడ్డదో అసలే చెప్పలేదు.

అమెరికా వైద్యుడు మైకేల్ లెవిట్ 1960ల చివరిలో, 1970ల ఆరంభంలో చేసిన పరిశోధనలు ఈ పరీక్షకు పునాది వేశాయి. పేగుల్లో హైడ్రోజన్ ఎంత తయారవుతోందో, అందులో ఎంత ఊపిరిలోకి వస్తోందో 1969లో ఆయన కొలిచి చూపించారు. చిన్నపేగులో జీర్ణం కాని చక్కెర పెద్దపేగుకు చేరగానే ఊపిరిలో హైడ్రోజన్ పెరుగుతుందని తేలిన తర్వాత, ఒక నిర్దిష్టమైన చక్కెరను తాగించి గంటల తరబడి శ్వాసను కొలిచే పద్ధతి ఆసుపత్రుల్లోకి వచ్చింది. కడుపులో హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా ఉందో లేదో తేల్చే యూరియా శ్వాస పరీక్ష వేరు. అందులోనూ ఊదేది గాలే అయినా, కొలిచేది గుర్తు పెట్టిన కార్బన్‌తో ఏర్పడిన కార్బన్ డయాక్సైడ్‌ను. ఈ రెండింటినీ కలగాపులగం చేసి మాట్లాడేవారు చాలామంది ఉన్నారు కనుక ఈ ముక్క ముందే చెప్పవలసి వచ్చింది.

హైడ్రోజన్ పరీక్ష సాధారణంగా ఉదయం పూట, రాత్రంతా ఏమీ తినకుండా వచ్చిన వ్యక్తిపై జరుగుతుంది. మొదట ఖాళీ కడుపుతో ఒకసారి ఊదిస్తారు. ఆ తర్వాత నీళ్లలో కలిపిన చక్కెర తాగించి, పదిహేను నిమిషాలకో అరగంటకో ఒకసారి చొప్పున రెండు మూడు గంటలపాటు ఊదిస్తూ పోతారు. ఫలితాన్ని పిపిఎంలో, అంటే పది లక్షల భాగాల గాలిలో ఎన్ని భాగాల హైడ్రోజన్ ఉందో ఆ లెక్కలో రాస్తారు. ఊదడంలోనూ ఒక మెలకువ ఉంది. ఊపిరి వదిలేటప్పుడు ముందుగా వచ్చే గాలి నోటిలో, శ్వాసనాళంలో నిలిచి ఉన్నదే గనుక రక్తంతో దానికి సంబంధం లేదు. ఊపిరితిత్తుల లోతుల్లోని గాలి చివరగా వస్తుంది, కావలసింది అదే. అందుకే నమూనాలో కార్బన్ డయాక్సైడ్‌నో ఆక్సిజన్‌నో కూడా కొలిచి, పైపై గాలి ఎంత కలిసిందో అంచనా వేసి, హైడ్రోజన్ అంకెను దాని ప్రకారం సరిచేస్తారు. ఈ సవరణ లేని యంత్రంలో సరిగ్గా ఊదని మనిషికి తక్కువ అంకె రావడంలో వింత లేదు.

ల్యాక్టోజ్ పరీక్షతో మొదలుపెడితే ఈ అంకెలను చదివే తీరు తేలిగ్గా అర్థమవుతుంది. పాలలోని ఈ చక్కెరను చిన్నపేగు గోడమీది ల్యాక్టేజ్ అనే ఎంజైమ్ రెండుగా విడగొడితే తప్ప అది రక్తంలో కలవదు. పసితనంలో సమృద్ధిగా ఉండే ఈ ఎంజైమ్, ప్రపంచంలో మూడింట రెండు వంతుల మందిలో పెద్దయ్యేకొద్దీ తగ్గిపోతుంది. అది జబ్బు కాదు, పాలు మానిన క్షీరదాలన్నింటిలోనూ జరిగే మామూలు మార్పే. పరీక్షలో సాధారణంగా 25 గ్రాముల ల్యాక్టోజ్ ఇస్తారు. ఇది సుమారు అర లీటరు పాలలో ఉండే మొత్తం. ఉదాహరణకు ఒకరి అంకెలు ఇలా వచ్చాయనుకుందాం: ఖాళీ కడుపుతో 4, అరగంటకు 5, గంటకు 6, గంటన్నరకు 11, రెండు గంటలకు 38, రెండున్నరకు 61, మూడు గంటలకు 57. మొదటి గంటలో రేఖ దాదాపు చదునుగా ఉంది. అంటే ల్యాక్టోజ్ ఇంకా చిన్నపేగులో ప్రయాణిస్తోంది, అక్కడ దాన్ని పులియబెట్టేవారు పెద్దగా లేరు. గంటన్నర దాటాక రేఖ నిటారుగా లేచింది. అప్పుడు ల్యాక్టోజ్ పెద్దపేగు గుమ్మం దాటి బ్యాక్టీరియా చేతికి చిక్కింది. మొదటి అంకె కంటే 20 లేదా అంతకు మించి పెరిగితే ల్యాక్టోజ్ సరిగా గ్రహింపు కావడం లేదని 2017లో ఉత్తర అమెరికా నిపుణులు వెలువరించిన ఏకాభిప్రాయ పత్రం చెబుతుంది. మన ఉదాహరణలో పెరుగుదల 57, కాబట్టి సందేహం లేదు.

అయితే సందేహం లేనిది గ్రహింపు విషయంలోనే. ఆ మనిషికి పాలు పడవని దీనితో తేలిపోదు. ల్యాక్టోజ్ గ్రహింపు కాకపోవడం ఒకటి, దానివల్ల ఇబ్బంది కలగడం మరొకటి. అందుకే జాగ్రత్తగా చేసే కేంద్రాల్లో ప్రతి ఊదుడుతో పాటు కడుపుబ్బరం, నొప్పి, గడబిడ, విరేచనం ఉన్నాయేమో కూడా రాసుకుంటారు. హైడ్రోజన్ బాగా పెరిగినా ఏ బాధా లేనివారుంటారు. రేఖ కదలకుండానే పొట్ట పట్టుకుని కూర్చునేవారూ ఉంటారు. 1995లో లెవిట్, ఆయన సహచరులు ప్రచురించిన ఒక అధ్యయనం ఈ తేడాను బాగా పట్టి చూపింది. తమకు పాలు బొత్తిగా పడవని గట్టిగా చెప్పినవారికి రోజుకు ఒక గ్లాసు, అంటే దాదాపు 240 మిల్లీలీటర్ల పాలు ఇచ్చారు. కొన్ని రోజులు మామూలు పాలు, కొన్ని రోజులు ల్యాక్టోజ్‌ను ముందే విడగొట్టిన పాలు. ఎప్పుడు ఏవి ఇస్తున్నారో తాగేవారికి తెలియనివ్వలేదు. చూస్తే రెండు రకాల రోజుల మధ్య లక్షణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. వారిలో చాలామందికి ల్యాక్టోజ్ గ్రహింపు కాదన్న మాట నిజమే, అయినా ఒక గ్లాసు పాలను వారి పేగులు తట్టుకున్నాయి. పరీక్షలో 25 గ్రాములు తాగి వచ్చిన అంకెను చూపించి జీవితాంతం పాలు మానెయ్యమనడం అందుకే తొందరపాటు సలహా.

ఫ్రక్టోజ్ పరీక్ష కూడా ఇదే బాటలో నడుస్తుంది గానీ దాని ఫలితం ఇంకాస్త వదులుగా ఉంటుంది. పళ్ల చక్కెరను గ్రహించే శక్తి ప్రతి మనిషిలోనూ పరిమితమే. మోతాదు పెంచుకుంటూ పోతే ఆరోగ్యవంతుల్లో కూడా ఎక్కడో ఒకచోట రేఖ లేస్తుంది. పైగా గ్లూకోజ్ తోడుంటే ఫ్రక్టోజ్ మెరుగ్గా గ్రహింపవుతుంది, నిజజీవితంలో తినే పండులో ఆ రెండూ కలిసే ఉంటాయి. విడిగా ఫ్రక్టోజ్ ఒక్కటే తాగించిన పరీక్ష భోజనం గురించి చెప్పేది కొంచెమే.

అసలు వివాదం చిన్నపేగులో బ్యాక్టీరియా మితిమీరడం అనే సమస్య దగ్గర మొదలవుతుంది. వైద్యులు దీన్ని సిబో అని పిలుస్తారు. పెద్దపేగులో ఒక మిల్లీలీటరుకు పది వేల కోట్ల స్థాయిలో బ్యాక్టీరియా ఉంటే, చిన్నపేగు పైభాగంలో మామూలుగా వెయ్యికి మించవు. జఠరంలోని ఆమ్లం, పైత్యరసం, ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు పేగును ఊడ్చుకుంటూ పోయే సంకోచాలు, చిన్నపేగుకూ పెద్దపేగుకూ మధ్య ఉన్న కవాటం, ఇవన్నీ కలిసి ఆ సంఖ్యను అదుపులో ఉంచుతాయి. ఏదైనా శస్త్రచికిత్స వల్లనో, పేగు కదలికలు మందగించే జబ్బు వల్లనో ఈ కాపలా సడలితే, ఆహారం గ్రహింపు కావలసిన చోటే పులియడం మొదలవుతుంది. దీన్ని తేల్చడానికి ఎండోస్కోపీతో చిన్నపేగు రసం తీసి సాగు చేసి చూడవచ్చు గానీ అది ఖర్చుతో, శ్రమతో కూడినది. గొట్టం గొంతు దాటి వెళ్లేటప్పుడు నోటి బ్యాక్టీరియా అంటుకుంటే లెక్క తప్పుతుంది కూడా. అందుకే శ్వాస పరీక్షకు ఇంత గిరాకీ.

ఇందుకు వాడే చక్కెరలు రెండు. గ్లూకోజ్ చిన్నపేగు మొదటి భాగంలోనే పూర్తిగా గ్రహింపవుతుంది. కాబట్టి 75 గ్రాముల గ్లూకోజ్ తాగాక హైడ్రోజన్ పెరిగితే, అది పెద్దపేగుకు చేరే లోపే ఎవరో పులియబెట్టారని అనుకోవడం న్యాయమే. కానీ బ్యాక్టీరియా చిన్నపేగు చివరి భాగంలో చేరి ఉంటే గ్లూకోజ్ అంతదాకా మిగలదు, పరీక్ష ఏమీ లేదని చెబుతుంది. రెండోది ల్యాక్టులోజ్. ఇది కృత్రిమ చక్కెర, దీన్ని విడగొట్టే ఎంజైమ్ మనకు లేదు కనుక తాగినదంతా చిన్నపేగు పొడవునా ప్రయాణించి పెద్దపేగులో పడుతుంది. అంటే ల్యాక్టులోజ్ తాగిన దాదాపు ప్రతి ఒక్కరిలోనూ ఏదో ఒక సమయానికి రేఖ లేచి తీరుతుంది. కాబట్టి తీర్పు మొత్తం గడియారం మీద ఆధారపడింది. 90 నిమిషాల లోపు 20 పిపిఎం పెరిగితే చిన్నపేగులోనే పులిసింది, ఆ తర్వాత పెరిగితే పెద్దపేగులో పులిసింది అని పైన చెప్పిన 2017 పత్రం ఒక గీత గీసింది.

ఆ గీతలోనే లోపం ఉంది. నోటి నుంచి పెద్దపేగు దాకా చేరడానికి పట్టే సమయం మనిషికీ మనిషికీ చాలా తేడాగా ఉంటుంది, ఒకే మనిషిలో కూడా రోజును బట్టి మారుతుంది. ల్యాక్టులోజ్ అసలే విరేచనకారి, పేగులోకి నీటిని లాగి ప్రయాణాన్ని అదే వేగిరం చేస్తుంది. విరేచనాలతో బాధపడేవారిలో అది గంటలోనే పెద్దపేగుకు చేరినా చేరవచ్చు. కెనడా పరిశోధకులు 2011లో దీన్ని సూటిగా పరీక్షించారు. చికాకు పేగు వ్యాధి, అంటే ఐబిఎస్ ఉన్నవారికి ల్యాక్టులోజ్‌తో పాటు రేడియోధార్మిక గుర్తు ఉన్న పదార్థం కలిపి ఇచ్చి, ఒకపక్క ఊపిరిని, మరోపక్క కెమెరాతో ఆ పదార్థం కదలికను గమనించారు. హైడ్రోజన్ పెరిగిన సమయానికి చాలామందిలో ఆ పదార్థం అప్పటికే పెద్దపేగులోకి చేరిపోయింది. సిబో అనుకున్నది చాలావరకు వేగంగా సాగిన ప్రయాణమే అన్నమాట. ఐబిఎస్ ఉన్నవారిలో ఎక్కువమందికి సిబో ఉందని గతంలో వచ్చిన వాదనలకు ఈ ఫలితం గట్టి దెబ్బ. 2022లో వెలువడ్డ ఐరోపా మార్గదర్శకాలు సిబో నిర్ధారణకు ల్యాక్టులోజ్‌ను వాడవద్దనే అన్నాయి, ఉత్తర అమెరికా పత్రం మాత్రం రెండు చక్కెరలనూ అంగీకరించింది. ఇద్దరూ నిపుణులే, ఎదుట ఉన్న ఆధారాలూ చాలావరకు ఒకటే. నాకైతే ఐరోపా వారి వైపే మొగ్గు. ఎటూ తేలని అంకెను పట్టుకుని యాంటీబయాటిక్ రాసిచ్చే అలవాటు ల్యాక్టులోజ్ పరీక్షతోనే ఎక్కువగా పెరిగింది.

ఎక్కడ పుట్టిందన్న ప్రశ్నకు మరో దారి కూడా ఉంది. మింగగలిగే గుళికలోనే వాయువులను కొలిచే పరికరాన్ని అమర్చి, అది పేగుల గుండా సాగుతూ పంపే సంకేతాలను బయట అందుకోవడం. ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు అలాంటి గుళికను మనుషులపై ప్రయత్నించి 2018లో ఫలితాలు ప్రకటించారు. చిన్నపేగు నుంచి పెద్దపేగులోకి జారగానే ఆక్సిజన్ బాగా పడిపోతుంది గనుక, గుళిక ఎక్కడుందో ఆ అంకెలే చెబుతాయి. హైడ్రోజన్ ఎక్కడ పెరిగిందో ఊహించే అవసరం అప్పుడు ఉండదు. అయితే ఇది ఇంకా మామూలు క్లినిక్‌కు చేరిన పరీక్ష కాదు.

మీథేన్ విషయం వేరు. దీన్ని తయారుచేసేవి బ్యాక్టీరియా కావు, ఆర్కియా అనే వేరే కోవకు చెందిన జీవులు. వాటిలో ముఖ్యమైనది మీథనోబ్రెవిబ్యాక్టర్ స్మిథై. ఇది నాలుగు పాళ్ల హైడ్రోజన్‌ను, ఒక పాలు కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుని ఒక పాలు మీథేన్‌గా మారుస్తుంది. అంటే పేగుల్లో బోలెడంత పులిసినా ఊపిరిలో హైడ్రోజన్ పెద్దగా కనిపించకపోవచ్చు, ఎందుకంటే పుట్టింది పుట్టినట్టే మరొకరు మింగేస్తున్నారు. హైడ్రోజన్ ఒక్కదాన్నే కొలిచే యంత్రం ఇలాంటివారిని ఏ దోషమూ లేనివారిగా వదిలేస్తుంది. మీథేన్ ఏ సమయంలోనైనా 10 పిపిఎం లేదా అంతకు మించితే అధికంగా ఉన్నట్టు లెక్కిస్తారు. అలాంటివారిలో మలబద్ధకం ఎక్కువగా కనిపిస్తుంది, పేగు కదలికలను మీథేన్ నెమ్మదింపజేస్తుందని జంతువులపై చేసిన ప్రయోగాలు చూపాయి. ఆర్కియా పెద్దపేగులోనూ పెరుగుతాయి గనుక దీన్ని సిబో అనకుండా వేరే పేరుతో పిలవాలని అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2020లో సూచించింది. హైడ్రోజన్‌ను గంధకంతో కలిపి హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మార్చే బ్యాక్టీరియా మూడో రకం. వాటి శ్వాస పరీక్ష ఇటీవలిది, దాని ఆధారాలు ఇంకా పలచనివే.

పరీక్షకు ముందు చెప్పే నియమాలను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు గానీ తప్పుడు ఫలితాలకు మూలం తరచూ అక్కడే ఉంటుంది. యాంటీబయాటిక్ వాడాక నాలుగు వారాలు ఆగాలి, లేకపోతే పులియబెట్టే బ్యాక్టీరియానే చచ్చి ఉంటుంది. పేగు కదలికలను పెంచే మందులు, విరేచనకారులు కనీసం వారం ముందు ఆపడం గురించి వైద్యునితో మాట్లాడుకోవాలి. ముందురోజు పప్పుధాన్యాలు, పీచు ఎక్కువగా ఉన్న కూరలు, గోధుమ పదార్థాలు మానాలి. గోధుమపిండిలోని పిండిపదార్థం ఆరోగ్యవంతుల్లో కూడా కొంత గ్రహింపు కాకుండా పెద్దపేగుకు చేరుతుందని 1981లోనే తేలింది. వరి అన్నం దాదాపు పూర్తిగా గ్రహింపవుతుంది కనుక ముందురోజు భోజనానికి అదే తగినది. పొగ తాగకూడదు, ఎందుకంటే సిగరెట్ పొగలోనే హైడ్రోజన్ ఉంటుంది. పరీక్ష మధ్యలో వ్యాయామం చేస్తే వేగంగా ఊపిరి తీసుకోవడం వల్ల అంకె పడిపోతుంది, నిద్రపోతే పెరుగుతుంది. నోరు పుక్కిలించకపోతే నాలుక మీది బ్యాక్టీరియా తాగిన చక్కెరను అక్కడికక్కడే పులియబెట్టి మొదటి పావుగంటలోనే ఒక చిన్న శిఖరం చూపించవచ్చు. దాన్ని చిన్నపేగు దోషంగా పొరబడిన సందర్భాలు లేకపోలేదు. ఖాళీ కడుపు అంకే 20కి దగ్గరగా ఉంటే, అనుభవమున్న సాంకేతికుడు ఆ రోజుకు పరీక్ష వాయిదా వేస్తాడు.

ఇప్పుడు అరచేతిలో ఇమిడే శ్వాస యంత్రాలు వచ్చాయి. ఫోనుకు కలుపుకుని భోజనం తర్వాత ఊదితే, ఎంత పులుస్తోందో ఒక అంకె చూపిస్తాయి. వీటి వెనక ఉన్న సూత్రం సరైనదే. సమస్య ఏమిటంటే, తక్కువ అంకె ఆరోగ్యమనీ ఎక్కువ అంకె అనారోగ్యమనీ వాడేవారు అనుకోవడం సహజం. పెద్దపేగులో పీచు పులిసినప్పుడు హైడ్రోజన్‌తో పాటు ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలు కూడా పుడతాయి, వాటిలో బ్యూటిరేట్ పెద్దపేగు గోడ కణాలకు ముఖ్యమైన ఇంధనం. పప్పులు, కాయధాన్యాలు బాగా తిని అంకె పెంచుకున్నవాడి పేగు, పీచు అంతా మానేసి అంకె దించుకున్నవాడి పేగు కంటే మెరుగైన స్థితిలోనే ఉండవచ్చు. ఈ యంత్రం పనికొచ్చే చోటు ఒకటుంది: ఒకే మనిషి, ఒకే మోతాదులో, ఒకే రకం ఆహారాన్ని వేర్వేరు రోజుల్లో తిని, అంకెను తన బాధతో పక్కపక్కన రాసి పోల్చుకోవడం. అంకె పెరిగిన రోజే బాధ కూడా పెరిగిందా, పెరుగుదల బాధకు ముందు వచ్చిందా అన్నవి అప్పుడు తెలుస్తాయి. రెండూ ఒకదానితో ఒకటి కలవకపోతే ఆ ఆహారం మానవలసిన కారణం ఈ పరీక్షలో లేదని అర్థం. అలా చూడకుండా, అంకె పెరిగిన ప్రతి పదార్థాన్నీ జాబితాలోంచి కొట్టేసుకుంటూ పోతే నెలలు గడిచేసరికి తినడానికి మిగిలేది చాలా తక్కువ.

చివరగా, ఫలితం నిజమైనా అది కారణం కాకపోవచ్చని గుర్తుంచుకోవలసిన సందర్భం ఒకటి ఉంది. గోధుమల్లోని గ్లూటెన్‌కు శరీరం ఎదురు తిరిగే సీలియాక్ వ్యాధిలో చిన్నపేగు గోడ మీది సన్నని నూగు అరిగిపోతుంది, దానితో పాటే ల్యాక్టేజ్ కూడా పోతుంది. జియార్డియా అనే పరాన్నజీవి సోకినప్పుడు కూడా ఇదే జరగవచ్చు. వీరిలో ల్యాక్టోజ్ పరీక్షకు రేఖ బ్రహ్మాండంగా లేస్తుంది, పాలు మానితే కొంత ఉపశమనమూ కలుగుతుంది, అసలు జబ్బు మాత్రం లోపల అలాగే ఉంటుంది. బరువు తగ్గడం, రక్తహీనత, మలంలో రక్తం, రాత్రిపూట నిద్ర లేపే విరేచనాలు ఉన్నవారికి ఊదిన గాలితో సరిపెట్టక రక్తపరీక్షలు, మలపరీక్ష, అవసరమైతే ఎండోస్కోపీ చేయించడం అందుకే. మూలకారణానికి చికిత్స జరిగి పేగు గోడ కోలుకుంటే, కొన్ని నెలల్లో ల్యాక్టేజ్ మళ్లీ తయారవుతుంది, అదే మనిషి అదే 25 గ్రాములు తాగినా రేఖ లేవకపోవచ్చు.